రక్షిత దోషం

మా సంస్థ పూర్తి పేరు చెప్పాలంటే ఒక గుక్క సరిపోదు. అందుకని నాణ్యతా సంస్థ అంటాను. విశాఖపట్నంలో ఒక కొండవాలు మీద మూడంతస్తుల మేడ. ప్రభుత్వ శాఖలు రాయించుకునే కంప్యూటరు ప్రోగ్రాములన్నీ జనం మీదికి వదిలేముందు మా దగ్గరికి వస్తాయి. పరీక్షించి, బాగుంటే ధ్రువపత్రం ఇస్తాం. బాగోకపోతే తిప్పి పంపిస్తాం. తిప్పి పంపినప్పుడల్లా ఆ శాఖల వాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ తిట్లు నేను సంతోషంగానే తింటున్నాను.

నిజానికి పరీక్ష చేసేది మేం కాదు, పరిశోధిని. అదీ ఒక ప్రోగ్రామే. మిగతా ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం దాని పని. దానికి ఒక నియమం చెప్పాలి. ఉదాహరణకు, ఎంతమంది పేర్లిచ్చినా ఒక్కరినీ వదలకూడదు అని. అంతే, ఇక అది తనంతట తానే వేలకొద్దీ ఉదాహరణలు పుట్టించి ఆ ప్రోగ్రాము మీదికి తోలుతుంది. వెయ్యి పేర్లు ఒకసారి, ఒక్క పేరూ లేకుండా ఒకసారి, ఒకే పేరున్న ముప్ఫై మంది ఒకసారి, ఒంటి అక్షరం పేరు ఒకసారి. పెద్దమనుషులకు తోచని పాడు ఆలోచనలన్నీ దానికి తోస్తాయి. ఎక్కడైనా నియమం తప్పిందా, అక్కడితో ఊరుకోదు. ఆ ఉదాహరణను కుదించుకుంటూ, కుదించుకుంటూ, ఇంతకన్నా చిన్నది లేదన్నదాకా తెచ్చి అప్పుడు చూపిస్తుంది. వెయ్యి మందితో బయటపడ్డ తప్పును చివరికి ఇద్దరితో చూపించగలదు. మా అత్తగారు కూడా తప్పులు బాగా పడతారు గానీ ఆవిడ వాటిని పెంచుకుంటూ పోతారు.

మరి ఆ పరిశోధిని సరిగ్గా పనిచేస్తోందో లేదో ఎవరు చూడాలి? ఆ ఉద్యోగం నాది. నా పేరు పరాంకుశం.

దీనికోసం పదకొండేళ్ళ కిందట నేను కావాలని తప్పులు పెట్టి నలభై మూడు చిన్న ప్రోగ్రాములు రాశాను. ఆఫీసులో వాటిని తుంటరులు అనేవాళ్ళం. ఒకటి ఏడు వస్తువులుంటే మాత్రమే లెక్క తప్పుతుంది. ఒకటి జాబితాలో చివరివాణ్ణి మరిచిపోతుంది. ఒకటి మొదటిసారి అడిగితే నిజం చెప్పి, రెండోసారి అడిగితే అబద్ధమాడుతుంది. రోజూ పొద్దున్నే వాటిని పరిశోధిని ముందుకు తోలేవాణ్ణి. తోడుగా మూడు సహాయక ప్రోగ్రాములు కూడా రాసి పెట్టాను. మొదటిదాని పేరు 'పట్టుబడాలి'. తుంటరి ఎవడైనా పరిశోధిని కళ్ళుగప్పి జారుకుంటే అది పెద్దగా గంట కొట్టేది. రెండోది 'ఇంకా చిన్నదుందా'. పరిశోధిని చూపించిన ఉదాహరణ నిజంగా అన్నిటికన్నా చిన్నదేనా అని అది నిలదీసేది. మూడోదాని పేరు 'మళ్ళీ అదే'. ఒకసారి దొరికిన తప్పు మళ్ళీ అడిగితే మళ్ళీ దొరుకుతోందా అని చూసేది. నలభై మూడు మందీ పట్టుబడితే పరిశోధిని ఆరోగ్యంగా ఉన్నట్టు. నేను నిశ్చింతగా టీ తాగేవాణ్ణి.

అలా ఉండగా రాజధాని నుంచి శూన్యదోష పక్షోత్సవం వచ్చిపడింది.

పదిహేను రోజుల్లో రాష్ట్రంలో ఏ ప్రభుత్వ కంప్యూటరులోనూ దోషమన్నది లేకుండా చేయాలనీ, పదహారో రోజున కనిపించిన దోషానికి సంబంధిత అధికారి వ్యక్తిగతంగా బాధ్యత వహించాలనీ ఉత్తర్వు. గుమ్మానికి బ్యానరు కట్టారు. రోజూ పదిన్నరకు అందరం కుడిచెయ్యి కీబోర్డు మీద పెట్టి ప్రతిజ్ఞ చేసేవాళ్ళం. మొదటిరోజు ఆ చేతుల బరువుకి ఎవరో తెలియకుండా ఒక ఫైలు చెరిపేశారు. అది పక్షోత్సవానికి ముందే పోయినట్టు రాసుకున్నాం.

నాలుగో రోజున పక్షోత్సవ ప్రత్యేకాధికారిణి విశారదాదేవి గారు తనిఖీకి వచ్చారు. పక్కన మా డైరెక్టరు వైకుంఠరావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన మంచివాడే. పైవాళ్ళు చెప్పింది కాదనడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు, అంతే.

"పరాంకుశం గారూ, ఈ నివేదిక మీ సెక్షనుదేనా?" అన్నారు విశారదాదేవి గారు.

"నాదేనండి."

"నలభై మూడు ప్రోగ్రాములు. నలభై మూడూ విఫలం."

"అవునండి. ఒక్కటి కూడా తప్పించుకోలేదు," అన్నాను గర్వంగా.

"ఇది ఎన్నాళ్ళ నుంచి సంభవిస్తూ ఉన్నది?"

"పదకొండేళ్ళుగా, రోజూనండి."

వైకుంఠరావు గారు జేబురుమాలు తీశారు. నా గర్వం ఎటు పోతోందో అప్పుడు అర్థమై నేను వివరించబోయాను. "అవి విఫలం కావాలండి. విఫలమైతేనే పరిశోధిని పనిచేస్తున్నట్టు. ఇప్పుడు వంటల పోటీలో రుచి చూసే ఆయన ఉన్నాడనుకోండి. ఆయన నాలుక పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఏం చేస్తాం? ఓ గిన్నెలో ఉప్పు లేని పప్పు పెట్టి చూస్తాం. ఉప్పు లేదని ఆయన మొహం చిట్లిస్తే నాలుక బాగున్నట్టు. ఇవన్నీ నా ఉప్పు లేని పప్పులండి."

ఆవిడ వెనక్కి తిరిగి స్టెనోతో అన్నారు.

"నమోదు చేసుకోండి. ప్రభుత్వ కార్యాలయంలో, ప్రభుత్వ పనివేళల్లో, గత పదకొండు సంవత్సరములుగా ఉద్దేశపూర్వకంగా ఉప్పు లేని పప్పు వండబడుచున్నట్లు సదరు ఉద్యోగి అంగీకరించడమైనది."

ఆవిడ కారెక్కాక వైకుంఠరావు గారు నా గదిలోకి వచ్చి కూలబడ్డారు. "ఏవయ్యా, ఒకటో రెండో ఫెయిలయితే ఏదో సర్దిచెప్పుకునేవాళ్ళం. మొత్తం నలభై మూడా? రాష్ట్రం మొత్తానికి నూటికి నూరు శాతం వైఫల్యం ఉన్న ఆఫీసు మనదొక్కటేనట. స్లయిడులో మన పేరు ఎర్రక్షరాల్లో వేశారు."

"అవి ఫెయిలవకపోతే ప్రమాదమండి."

"ప్రమాదం తర్వాత సంగతి. పదిహేనో తారీఖులోగా నలభై మూడింటినీ సంస్కరించు."

ఇందుకోసం ఒక సంస్కరణ సంఘం వేశారు. నలభై మూడింటినీ దిద్దడానికి నాకు ఒక పూట చాలు. తొమ్మిది రోజులు పట్టింది, ఎందుకంటే ఒక్కోదానికీ ఒక్కో ఫైలు. అందులో దోషానికి కారణం అనే గడి దగ్గర నేనే పెట్టాను అని రాశాను. ఫైళ్ళన్నీ తిరిగొచ్చాయి. కారణం అసంపూర్ణంగా ఉన్నదనీ, దోషం పెట్టుటకు ప్రేరేపించిన పరిస్థితులను కూడా తెలియజేయాలనీ రాశారు. ఉద్యోగం అని రాస్తే ఆమోదించారు.

అబద్ధమాడేది నిజం చెప్పడం మొదలుపెట్టింది. మరిచిపోయేదానికి చివరివాడు గుర్తొచ్చాడు. పరిశోధిని వాటిలో తప్పులు వెతికి వెతికి ఏమీ దొరకలేదంది. అంతే, 'పట్టుబడాలి' గంట కొట్టడం మొదలుపెట్టింది. దాని దృష్టిలో నలభై మూడు తుంటరులు ఒకేసారి జారుకున్నారు మరి. నలభై మూడు గంటలు. మేడంతా హోరెత్తిపోయింది. సంస్కరణ సంఘం మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది.

"ఏమిటీ అపశ్రుతి?" అన్నారు సంఘం అధ్యక్షులు.

"తప్పులు దొరకడం లేదని గంట కొడుతోందండి."

"తప్పులు లేకపోతే సంతోషించాలి గానీ గోల చేయడమేమిటి? ఇదేదో ప్రతికూల స్వభావం గల ప్రోగ్రాములా ఉంది. తగు విధంగా సవరించండి."

సవరించాను. అప్పటినుంచి తప్పు దొరికినా, దొరకకపోయినా 'పట్టుబడాలి' సంతృప్తికరం అని ఒక్క మాట రాసి ఊరుకునేది. 'ఇంకా చిన్నదుందా' అనే పేరు పైఅధికారులను ఎత్తిపొడిచినట్టుందని దాన్ని ఆపేశారు. 'మళ్ళీ అదే' మాత్రం మిగిలింది. దాని పేరు వాళ్ళకు ఆఫీసు పద్ధతిలాగే అనిపించి ఉంటుంది.

పదిహేనో రోజున సభ. నలభై మూడు ప్రోగ్రాములకూ పేరుపేరునా ప్రశంసాపత్రాలు ఇచ్చారు. అవి వచ్చి తీసుకోలేవు కాబట్టి నేను నలభై మూడుసార్లు వేదిక ఎక్కి దిగాను. మోకాళ్ళు పట్టేశాయి.

అయితే విశారదాదేవి గారికి ఇంకా ఒక అసంతృప్తి ఉండిపోయింది. పరిశోధిని మిగతా శాఖల ప్రోగ్రాముల్లో తప్పులు పడుతూనే ఉంది కదా. రవాణా శాఖ ప్రోగ్రాము మీదికి ఒక్క ప్రయాణికుడూ లేని బస్సును తోలిందట. చేనేత శాఖ దాని మీదికి సున్నా మగ్గాలను తోలిందట. ఆ శాఖల వాళ్ళు ఫిర్యాదు చేశారు. సమావేశం పెట్టారు.

"ప్రయాణికులు లేని బస్సు అనేది ప్రభుత్వాన్ని కించపరిచే ఉదాహరణ," అన్నారు విశారదాదేవి గారు. "ఇకపై పరిశోధిని యాదృచ్ఛికంగా, విచ్చలవిడిగా ఉదాహరణలు పుట్టించరాదు. మర్యాదస్తమైన ఉదాహరణలను నిపుణుల సంఘం ముందుగానే ఎంపిక చేసి అందజేస్తుంది. వాటినే వాడవలెను."

సంఘం ఎంపిక చేసిన బస్సులో నలభై సీట్లు, నలభై మంది ప్రయాణికులు. బడిలో ఐదు తరగతులు, తరగతికి ముప్ఫై మంది పిల్లలు. ఆసుపత్రిలో నాలుగు పడకలు, పదహారు మంది రోగులు. అన్నీ శేషం లేకుండా భాగించబడతాయి. లోకం ఇంత పొందిగ్గా ఉంటే మా సంస్థ అవసరమే ఉండేది కాదు. పరిశోధినికి కళ్ళు పీకేశారని, ఆ సంగతి పట్టిచ్చే తుంటరులు కూడా ఇప్పుడు లేరని నేను రెండు పేజీల నోటు రాసి పెట్టాను. వైకుంఠరావు గారు దాని మీద చూశాను అని రాసి పొట్టి సంతకం పెట్టారు.

ఆ వారమే డయాలిసిస్ ప్రోగ్రాము వచ్చింది.

ఇక్కడ సన్యాసిరావు గురించి చెప్పాలి. మా ఆఫీసు అటెండరు. ఫైళ్ళు తిప్పుతాడు, టీ తెస్తాడు. అతని భార్య ఎర్నమ్మకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, పెద్దాసుపత్రిలో యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. అక్కడ పడకలు నాలుగు. తెల్లారగట్లే వెళ్ళి వరుసలో కూర్చుంటే ఎప్పటికో పిలుపొచ్చేది. ఈ కొత్త ప్రోగ్రాము ఎవరికి ఏ రోజు, ఏ గంటకు, ఏ పడకో ముందే నిర్ణయించి ఆసుపత్రిలో బోర్డు మీద చూపిస్తుందన్నారు. సన్యాసిరావు ఆ ఫైలును నా బల్ల మీద పెట్టి, మూల మడత సరిచేసి, అక్కడే నిలబడ్డాడు.

"ఇది మాకేనంట కదా బాబూ. బేగి సూసి పంపించీండి. ఆడది కూకోనేకపోతన్నాది."

"అలాగే. పరీక్ష అయిపోగానే పంపిస్తాను," అన్నాను.

పరీక్ష నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నాలుగు పడకలు, పదహారు మంది రోగులు. అందరికీ వరుస దొరికింది. 'పట్టుబడాలి' సంతృప్తికరం అంది. అంత తొందరగా అయిపోవడం నాకు నచ్చలేదు, అయినా నేను కూడా సంతకం పెట్టాను. ఆ సంతకం గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. సన్యాసిరావు ఫైలు పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

సోమవారం మధ్యాహ్నం అతను నా గదికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బాబూ, ఎర్నమ్మ పేరు బోర్డు మీద నేదు."

"కొంచెం ఆగితే వస్తుందేమో."

"కంప్యూటరు కాడున్నాయన్ని అడిగినాను బాబూ. అందరికీ ఇచ్చీసినాం, ఇంకెవులూ మిగల్లేదంతన్నాడు. పక్కన దీన్ని నిలబెట్టి, మరి ఇదెవులండీ అన్నాను. కంప్యూటర్లో నేని మనిషితో నాకు పని నేదనేసినాడు."

"మరి ఇవాళ చేశారా, లేదా?"

"సలోమి సిస్టరమ్మ దయ. ఆవిడ కాడ పాత నోటుబుక్కుంది. అందులో పేరుందని సాయంత్రం ఓ పడక సూసి ఎక్కిత్తానన్నాది."

సలోమి సిస్టరు ఎక్కించింది. బుధవారం ఆవిడకు మెమో వచ్చింది. ధ్రువీకరణ పొందిన కంప్యూటరు వ్యవస్థ ప్రకారం ఉనికిలో లేని వ్యక్తికి ప్రభుత్వ యంత్రంపై నాలుగు గంటలు వైద్యం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నోటుబుక్కు కూడా జప్తు చేశారు. గురువారం ఎర్నమ్మను సాయంత్రందాకా బల్ల మీద కూర్చోబెట్టి ఇంటికి పంపించేశారు.

శుక్రవారం పొద్దున సన్యాసిరావు టీ పెట్టి అక్కడే నిలబడ్డాడు. "కాళ్ళు ఇలాగ ఉబ్బీసినాయి బాబూ," అని రెండు చేతులూ ఎడంగా పట్టి చూపించాడు. "పడుకుంటే ఊపిరాడ్డం నేదు. కూకునే తెల్లారబెట్టీసినాది. ఆ పత్రం మన మేడలోనే ఇచ్చినారు కదా. మీరు సూసిందే కదా."

చూసిందే. సంతకం కూడా నాదే.

నా దగ్గర పాత పరిశోధిని ప్రతి ఒకటి ఉంది. మర్యాద నేర్పకముందుది. తలుపు గడియ వేసుకుని, డయాలిసిస్ ప్రోగ్రామును దాని ముందు పెట్టి, రోగి ఒక్కరినీ వదలకూడదు అని నియమం చెప్పాను. ఒక్క క్షణం పట్టింది. మూడువందల పందొమ్మిది మంది రోగులతో తప్పు దొరికింది. వెంటనే కుదించుకుంటూ వచ్చింది. నూట ఒకటి, పదమూడు, ఐదు. చివరికి తెర మీద రెండు మాటలు మిగిలాయి. పడకలు రెండు. రోగి ఒకరు.

ఆ ప్రోగ్రాము రోగుల్ని పడకల లెక్కన జట్లు కడుతుంది. నాలుగు పడకలుంటే నలుగురేసి. చివరి జట్టు నిండకపోతే దాన్ని జట్టుగానే ఒప్పుకోదు, వదిలేస్తుంది. ఆసుపత్రి జాబితాలో మొత్తం ఇరవై తొమ్మిది మంది. నలుగురు చొప్పున ఏడు జట్లు అయ్యాక చివరన మిగిలేది ఒక్కరు. అందరికన్నా ఆఖర్న పేరు నమోదైన ఎర్నమ్మ. నా తుంటరుల్లో చివరివాణ్ణి మరిచిపోయేది, 'పట్టుబడాలి' పాత గొంతు ఉండి ఉంటే, పరిశోధిని గుడ్డిదైన రోజునే గంట మోగేది. నేనే దాన్ని బాగుచేసి, దానికి ప్రశంసాపత్రం కూడా తెచ్చిపెట్టాను.

కాగితం పట్టుకుని వైకుంఠరావు గారి గదికి పరిగెత్తాను. లోపల విశారదాదేవి గారు కూడా ఉన్నారు. ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. వాళ్ళ కష్టం వేరే. అంతకుముందురోజే రాజధాని నుంచి ఫ్యాక్సు వచ్చింది. ఉదాహరణలు మార్చాక పరిశోధిని ఏ శాఖలోనూ ఒక్క దోషమూ పట్టలేదు కాబట్టి, అసలు అది దోషాలు పట్టగలదనడానికి రుజువు చూపాలి, లేకపోతే సంస్థను మూసేస్తాం అని.

"రుజువు చూపాలంటే ఒక దోషం కావాలి," అన్నారు వైకుంఠరావు గారు దీనంగా. "మన దగ్గర ఒక్కటీ లేదు. ఉన్న నలభై మూడూ దిద్దేశాం. కొత్తది రాయిద్దామంటే దోషం రాయడం ఇప్పుడు నేరం."

"ఇదిగోనండి దోషం," అని కాగితం బల్ల మీద పెట్టాను. "వెంటనే దిద్దాలి. ఇరవై తొమ్మిదో రోగిని వదిలేస్తోంది. ఆవిడ మన సన్యాసిరావు భార్య. నిన్న వైద్యం జరగలేదు. ఊపిరాడక అవస్థ పడుతోంది. అనుమతిస్తే ఒక్క లైను మారుస్తాను, రెండు నిమిషాల పని."

విశారదాదేవి గారు కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నారు. ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసి పని అయిపోయిందనుకున్నాను, నా బుద్ధి అలాంటిది.

"పరాంకుశం గారూ, ఇది నిజమైన దోషమేనా? సంపూర్ణంగా?"

"సంపూర్ణంగానండి."

"ఎన్నిసార్లు పరీక్షించినా పట్టుబడునా?"

"పాత పరిశోధినితో అయితే ఎన్నిసార్లయినా."

"డైరెక్టరు గారూ," అన్నారావిడ లేచి నిలబడి, "రాష్ట్రంలో ప్రస్తుతం అందుబాటులో ఉన్న ఏకైక ధ్రువీకృత దోషం ఇది. దీనిని కోల్పోయే స్థితిలో సంస్థ లేదు. తక్షణమే రక్షిత దోషంగా ప్రకటించి, ఎవరూ తాకకుండా యుద్ధప్రాతిపదికన ఉత్తర్వులు ఇవ్వండి. ప్రతి సోమవారం, గురువారం పరిశోధిని దీనిని పట్టుకోవలెను. పట్టుకున్న నివేదిక రాజధానికి పంపవలెను."

"మరి ఆ రోగి?" అన్నాను.

"ఆమె పాత్ర చాలా కీలకమైనది. ఆమె పేరు జాబితాలో కొనసాగవలెను, వరుసలో రాకుండా ఉండవలెను. అప్పుడే దోషం దోషంగా నిలుస్తుంది."

"మేడమ్, ఆవిడ చచ్చిపోతుంది!"

"పరాంకుశం గారూ, భావోద్వేగాలకు లోనుకావద్దు. ఆమెకు ప్రత్యామ్నాయ వైద్యం విషయమై సంబంధిత శాఖకు లేఖ రాయడం జరుగుతుంది. ఇలాంటి సహకారానికి ప్రభుత్వం తరఫున గుర్తింపు కూడా ఇవ్వాలి. రేపు శనివారమే చిన్న సన్మానం ఏర్పాటు చేయండి."

నేను అరిచాను. ఏం అరిచానో సరిగ్గా గుర్తులేదు. వైకుంఠరావు గారు నన్ను భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. "ఆఫీసు మూసేస్తే ఎనభై మంది రోడ్డున పడతారయ్యా. లేఖ నేనే స్వయంగా రాస్తాను, అర్జెంటు అని కూడా రాస్తాను," అన్నారు. ఆయన నిజంగానే రాశారు. అది సోమవారం టపాలో వెళ్తుందని తర్వాత తెలిసింది.

శనివారం పదకొండింటికి సభ. ఎర్నమ్మ రాలేదు, రాగలిగే స్థితిలోనూ లేదు. సన్యాసిరావు ఇంటి దగ్గర ఆవిణ్ణి తన అక్కకు అప్పజెప్పి ఒక్కడే వచ్చాడు. వేదిక మీద కుర్చీ అంచున కూర్చున్నాడు. విశారదాదేవి గారు మైకు అందుకున్నారు.

"శ్రీమతి ఎర్నమ్మ గారి త్యాగం వల్ల నేడు ఈ సంస్థ విశ్వసనీయత నిలబడినది. రాష్ట్రంలోని ఐదు కోట్ల మంది ప్రజలలో అతి చిన్న ఉదాహరణగా ఎంపిక కావడం అందరికీ లభించే భాగ్యం కాదు."

చప్పట్లు కొట్టారు. సన్యాసిరావుకు శాలువా కప్పారు. అతను దాన్ని రెండు చేతులతో గుండెల మీద పట్టుకుని, జనంలో నన్ను వెతికి పట్టుకుని చూశాడు. కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే నేను అక్కడే కూర్చుని ఉండేవాణ్ణేమో. వీళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు, మరి ఇంటిదాని సంగతేమిటి అని అడుగుతున్నట్టు చూశాడు.

లేచి నా గదిలోకి వెళ్ళాను. డయాలిసిస్ ప్రోగ్రాము ఉన్నది మా మేడలోని కంప్యూటరులోనే, ఆసుపత్రి బోర్డు దాన్నే చూపిస్తుంది. ఆ లైను తీశాను. నిండని జట్టు కూడా జట్టేనని రాశాను. పాత పరిశోధినిని ఒకసారి దాని మీదికి తోలాను. పదివేల ఉదాహరణలు వేసింది. ఏమీ దొరకలేదు. కింద మైకులో వందన సమర్పణ జరుగుతోంది.

నేను మెట్లు దిగేసరికి సన్యాసిరావు ఫోను మోగుతోంది. వేదిక మీదే ఎత్తాడు. అవతల సలోమి సిస్టరు గొంతు నాలుగు వరుసల దాకా వినిపించింది.

"ఏం సన్యాసిరావూ, ఎక్కడున్నావు? ఎర్నమ్మ పేరు బోర్డు మీదికొచ్చింది. పన్నెండున్నరకి, నాలుగో పడక. తొందరగా తీసుకురా. ఆటోలో తీసుకురా, నడిపించకు!"

సన్యాసిరావు వేదిక మీంచి దూకాడు. విశారదాదేవి గారు జ్ఞాపిక చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

సోమవారం మధ్యాహ్నం నాకు మెమో అందింది. ప్రభుత్వ ఉత్తర్వుల ద్వారా రక్షణ కల్పించబడిన దోషాన్ని ముందస్తు అనుమతి లేకుండా తొలగించినట్లు తేలినందున, సదరు దోషాన్ని మూడు రోజుల్లోగా యథాస్థితిలో, ఎటువంటి మార్పుచేర్పులూ లేకుండా, కార్యాలయానికి తిరిగి అప్పగించి రసీదు పొందవలెను, లేనిచో ఉద్యోగం నుంచి తొలగించబడుదురు.

వెనకాలే వైకుంఠరావు గారు వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడ్డారు.

"పెట్టేయవయ్యా. ఇంకో ఏడేళ్ళలో రిటైరవుతావు. ఒక్క లైనేగా."

"ఒక్క లైనేనండి."

"ఒక్క మనిషేగా, మనం వేరే ఏర్పాటు..."

"ఒక్క మనిషేనండి," అన్నాను.

ఆయన జేబురుమాలుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. నాకు భయం వేయలేదని చెప్పను. ఇంట్లో ఏం చెప్పాలో కూడా ఆలోచించాను. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని జవాబు రాశాను.

"అయ్యా, సదరు దోషం ఎలా ఉంటుందో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. తిరిగి పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. పెట్టను."

కింద సంతకం చేసి, మడిచి, గంట కొట్టాను. సన్యాసిరావు వచ్చాడు. మనిషి తేటగా ఉన్నాడు.

"ఇయాల ఏడింటికే ఎక్కించీసినారు బాబూ. ఏడింటికని బోర్డు మీదుంది, సరిగ్గా ఏడింటికే. కాళ్ళు తగ్గినాయి. ఇంటికొచ్చి గంజి తాగి తొంగున్నాది," అని నా చేతిలో కాగితం అందుకున్నాడు. "ఇదేటి, సెలవు సీటీయా?"

"అలాంటిదే. డైరెక్టరు గారికివ్వు."

అతను దాన్ని ఫైలులో జాగ్రత్తగా పెట్టుకుని గుమ్మందాకా వెళ్ళి ఆగాడు.

"రసీదు తెమ్మంతారా బాబూ?"

"తెమ్మన్నారు, తీసుకురా," అన్నాను.